నలుపు తెలుపుల్లో అమ్మలుండరు

పోయిన నెల కాకినాడలో మా సినిమా క్లబ్బు వాళ్ళు నన్నొక గంట మాట్లాడమన్నారు. విషయం వాళ్ళే ఇచ్చారు. పాత అమెరికన్ నలుపు తెలుపు క్రైమ్ సినిమాల్లో తమ కాళ్ళ మీద తాము నిలబడ్డ ఆడవాళ్ళు, వాళ్ళ తల్లితనం. ఇరవయ్యేళ్ళుగా సినిమాల మీద రాస్తున్నదాన్ని కదా, నాకిది నల్లేరు మీద బండి నడక అనుకున్నారు పాపం. సరేనన్నాను. ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే ఒక్క వాక్యం కదల్లేదు. అమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ సినిమాల్లోని ఏ ఆడమనిషి గురించి రాయబోయినా చిన్నప్పుడు దోహాలో మేమున్న గది, ఆ గదిలో సాయంత్రం నాలుగు గంటలు గుర్తొచ్చేవి. చివరికి క్లబ్బులో పుస్తకాల్లో ఉన్నదేదో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మేము దోహాలో అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక పాత మేడ మీద రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. కింద దర్జీ దుకాణం, పక్కన రొట్టెల కొట్టు. ఫ్లాటులో రెండు గదులు. ఒకటి మాది, ఒకటి మలయాళీ నర్సమ్మది, ఆవిడ భర్తది. వాళ్ళిద్దరికీ ఎప్పుడూ డ్యూటీలే, కాబట్టి వాళ్ళను నేను చూసినదానికంటే వాళ్ళ కొబ్బరినూనె వాసన పీల్చిందే ఎక్కువ. నాన్న ఊరికి దూరంగా మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో టెక్నీషియను. కంపెనీ ఆయనకిచ్చింది బ్యాచిలర్ గది, అందులో పెళ్ళాం పిల్లలకు చోటు లేదు. అక్కడ సెలవు శుక్రవారం, కాబట్టి గురువారం సాయంత్రం కంపెనీ బస్సులో వచ్చి, శనివారం తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా అమ్మోనియా వాసన పోయేది కాదు. ఆ వాసన కళ్ళలోకెక్కితే చిన్నప్పుడు నాన్న వచ్చాడని సంతోషపడేదాన్ని. ఇప్పటికీ ఆసుపత్రుల్లో నేల తుడిచే మందు వాసనకు నాకు గురువారం గుర్తొస్తుంది.

అమ్మ పేరు సువార్త. అమలాపురం దగ్గర పల్లెటూరి మాస్టారి కూతురు. టైపు, షార్ట్‌హ్యాండు పాసై, ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో సెక్రటరీగా చేసేది. కూరగాయల చీటీ కూడా షార్ట్‌హ్యాండులోనే రాసుకునేది. ఆ గీతలు మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేవి కావు, అమ్మకది చాలా ఇష్టం. అప్పట్లో అక్కడ చాలా ఆఫీసులకు రెండు పూటల డ్యూటీ. పొద్దున్న ఏడింటికి వెళ్ళి పన్నెండున్నరకు వచ్చేది. నేను బడి బస్సు దిగి వచ్చాక ఇద్దరం తినేవాళ్ళం. తడి తువ్వాలు కళ్ళ మీద వేసుకుని అమ్మ అరగంట నిద్రపోయేది. మళ్ళీ లేచి ముఖం కడుక్కుని, పల్చగా లిప్‌స్టిక్ వేసుకుని, పావు తక్కువ నాలుగుకు చెప్పులేసుకునేది. "గడియ పెట్టేసుకో బేబీ. ఎవరొచ్చినా తియ్యకు. ఫోను రెండుసార్లు మోగి ఆగి మళ్ళీ మోగితేనే ఎత్తు, అది నేనే." అంతే. మెట్ల మీద ఆ మడమల చప్పుడు దిగిపోయాక ఏడింటి దాకా ఇల్లు నాది. నాకప్పుడు పదేళ్ళు.

ఒంటరితనం అనే మాట నాకప్పుడు తెలియదు. తెలిసిందల్లా ఏసీ నీళ్ళు కిటికీ కింద డబ్బాలో పడే చప్పుడు. హోంవర్కు గంటలో అయిపోయేది. తర్వాత రొట్టెల కొట్టు ముందు నిలబడ్డవాళ్ళను లెక్కపెట్టేదాన్ని. పొద్దుగూకే వేళ మగ్రిబు నమాజు పిలుపు, తర్వాత రాత్రి నమాజు పిలుపు, ఆ తర్వాత ఇంకాసేపటికి అమ్మ. గడియారం కంటే నాకవే నమ్మకం. అమ్మ పావుగంట ఆలస్యమైతే ఏడ్చేదాన్ని కాదు, మంచం మీద అమ్మ పడుకునే వైపుకు జరిగి పడుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా ఇంటికొక అట్టపెట్టె వచ్చింది. అక్కడ ఉద్యోగం ముగించి స్వదేశం వెళ్ళేవాళ్ళు ఇస్త్రీ పెట్టె దగ్గర్నుంచి పూలకుండీ దాకా తెలిసినవాళ్ళకు పంచేసి పోతారు. అమ్మ ఆఫీసులో అలా వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషావిడ, పెళ్ళి కాని పెద్దావిడ, పద్నాలుగు వీడియో క్యాసెట్లు ఇచ్చింది. అన్నీ పాత నలుపు తెలుపు అమెరికన్ సినిమాలు. అన్నిట్లోనూ ఒక హత్య, వాన, టోపీ పెట్టుకున్న మగవాళ్ళు. అమ్మ ఒకటి రెండు చూసి "పిల్లకి ఇంగ్లీషు వస్తుందిలే" అని నాకొదిలేసింది. వాటిల్లో ఏముందో అమ్మకు పూర్తిగా తెలిసుంటే వదిలేది కాదనుకుంటా.

నాకు హత్యలతో పని లేదు. నేను చూసింది ఆడవాళ్ళను. వాళ్ళు టైపు కొట్టేవాళ్ళు, ఫోన్లు కలిపేవాళ్ళు, క్లబ్బుల్లో పాడేవాళ్ళు. వాళ్ళింటి తాళంచెవి వాళ్ళ పర్సులోనే ఉండేది. ఎవరికీ జవాబు చెప్పేవాళ్ళు కాదు. లిప్‌స్టిక్ వేసుకునేవాళ్ళు, మడమల చెప్పులతో మెట్లు దిగేవాళ్ళు. అచ్చం మా అమ్మే! మొదట్లో ఎంత గర్వపడ్డానో చెప్పలేను. చూడగా చూడగా ఒక సంగతి కనిపెట్టాను. వాళ్ళెవరికీ పిల్లలు లేరు. వంటింట్లో వెలుతురులో నిలబడి గిన్నెలు తుడిచే మంచి భార్యలకే పిల్లలు. ఉద్యోగం చేసే ఆడమనిషి మీద ఎప్పుడూ కిటికీ పలకల నీడ చారలు చారలుగా పడేది. పొరపాటున ఆవిడకొక బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎక్కడో బోర్డింగు బడిలో ఉండేది, లేదా జబ్బుతో పోయేది, లేదా తల్లే పోలీసుల వెంట వెళ్ళిపోయేది.

వాటిలో ఒకటి నన్ను పట్టుకుంది. హోటల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేసే ఒకావిడ. ఆవిడకొక చిన్న కూతురు. రోజూ సాయంత్రం ఒకాయన ఆవిడను కార్లో దింపుతుంటాడు. మొదటి రోజు కారు దిగి థ్యాంక్యూ అంటుంది, రెండో రోజు నవ్వుతుంది, మూడో రోజు ఆ కారు చాలాసేపు కదలదు. అరగంట తిరిగేసరికి ఆవిడ చేతిలో తుపాకీ. చివర్లో ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంటుంది, తల్లి పోలీసు కారెక్కుతుంది. ఆ పిల్లను ఎవరు తీసుకెళ్ళారో సినిమా చెప్పదు. నేను వెనక్కి తిప్పి తిప్పి చూసేదాన్ని, ఎక్కడైనా చెప్పారేమోనని.

ఇప్పుడు వయసొచ్చి, పుస్తకాలు చదివి ఆలోచిస్తే కోపమొస్తుంది. ఆ కథలు రాసిన మహానుభావులకు జీతం తెచ్చుకునే ఆడది, పిల్లకు జడ వేసే ఆడది ఒకే మనిషి కావచ్చునని తోచలేదు. తోచినా ఆ మనిషిని ఆఖరి రీలు దాకా బతకనివ్వలేదు. మరి ఆ టోపీ డిటెక్టివులకు పిల్లలున్నారా, వాళ్ళకు అన్నం ఎవరు పెడుతున్నారు అని ఒక్క సినిమాలో ఒక్కరూ అడగరు. క్లబ్బులో ఈ ముక్క చెప్తే అందరూ నవ్వారు. పదేళ్ళప్పుడు నాకు నవ్వు రాలేదు. నాకు అదొక లెక్కల సూత్రం లాగా బోధపడింది, అంతే.

ఇక అసలు సంగతి. ఒక సాయంత్రం ఏడున్నరైనా అమ్మ రాలేదు. కిటికీలోంచి చూస్తుంటే కింద ఒక తెల్ల కారు ఆగింది. అందులోంచి అమ్మ దిగింది, వెనక సీటులోంచి కాదు, ముందు నుంచి. లోపలున్నాయనతో వంగి ఏదో అని నవ్వింది. పైకొచ్చాక "లేటయిందేమ్మా?" అంటే "డ్యూటీ" అంది. ఆ వారంలో మూడుసార్లు అదే తెల్ల కారు, అదే అరగంట ఆలస్యం, అదే మాట. ఒకరోజు దిగిన తర్వాత కూడా అమ్మ కారు పక్కనే నిలబడి చాలాసేపు చేతులు తిప్పుతూ మాట్లాడింది. అమ్మ అంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. సినిమా ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలుసు కదా.

నాన్నకు చెప్పాలనిపించలేదు. ఆయన అప్పటికే "పిల్ల రోజూ మూడు గంటలు ఒక్కతే ఉంటే ఎలా, ఊళ్ళో హాస్టల్లో వేసేద్దాం" అంటున్నాడు. అమ్మ "కొన్నాళ్ళాగండి, నేనేదో చూస్తాను" అని ఆపుతోంది. చెప్తే హాస్టలు ఖాయమని ఆ వయసులోనే తెలుసు. మరి ఎవరికి చెప్పాలి? దేవుడికి. మాకు దేవుడికి చెప్పుకోవడానికి శుక్రవారం ప్రార్థన కూటం ఉంది.

అక్కడ మాకప్పుడు చర్చికి అనుమతి లేదు. ఆదివారం అందరికీ డ్యూటీ, కాబట్టి మా ఆదివారం శుక్రవారమే. గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు ఓ పదిహేను పౌలు మావయ్య ఫ్లాటులో చేరేవాళ్ళం. పౌలు మావయ్య మాకు చుట్టం కాదు, కూటం పెద్ద. గుమ్మం బయట చెప్పుల కుప్ప కనిపిస్తే కింద వాళ్ళు ఏమనుకుంటారోనని, అందరి చెప్పులూ గుడ్డసంచుల్లో వేసి లోపల మంచం కింద పెట్టేవాళ్ళు. కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడేవాళ్ళం. పాట తర్వాత ప్రార్థన అంశాలు. ఎవరి బాధ వాళ్ళు లేచి చెప్తే, మావయ్య ఒక్కొక్కటీ పేరుపేరునా ప్రార్థన చేస్తాడు. ఆయనకో నియమం ఉండేది. నోట వచ్చిన అంశాన్ని దేవుడి ముందు పెట్టకుండా వదలకూడదు. పిల్లలు చెప్పినా సరే. పిల్లలం ఎప్పుడూ పరీక్షల గురించే చెప్పేవాళ్ళం.

ఆ శుక్రవారం నేను లేచాను. మగవాళ్ళ వైపు నాన్న తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. అమ్మ ఆడవాళ్ళ వైపు, నా పక్కనే.

"మా అమ్మ కారాయనతో వెళ్ళిపోకుండా ప్రార్థన చేయండి," అన్నాను.

ఎవరో దగ్గారు. ఇంకో పెద్దమనిషైతే నవ్వేసి, "కూర్చో తల్లీ" అని దాటేసేవాడు. పౌలు మావయ్య దాటలేదు. నియమం నియమమే. కళ్ళు మూసుకుని, ఆ మంచి కంఠంతో అందరూ వినేలా మొదలుపెట్టాడు. "ప్రభువా, ఈ చిన్నబిడ్డ హృదయభారమును చూడుము. మా సహోదరి సువార్తను ప్రతి శోధన నుండి తప్పించుము. ఈ కుటుంబమును చెదరనియ్యకుము..." గోటితో పోయేది గొడ్డలిదాకా వెళ్ళడమంటే అదే. నేను ఓరకంట అమ్మను చూశాను. తల మీద చెంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ప్రార్థన అయ్యాక అందరితో పాటు అమ్మ కూడా "ఆమెన్" అంది. గట్టిగా అంది. ఇంతకాలమైనా ఆ ఆమెన్ నా చెవిలోంచి పోలేదు.

టాక్సీలో ఇంటికొచ్చాం. చేపల పులుసు పొద్దున్నే పెట్టి వెళ్ళింది అమ్మ. అది వేడి చేసి, కంచాలు పెట్టింది. నాన్న చెయ్యి కడుక్కోలేదు.

"ఎవరే ఆయన?"

"గంగారాం. మా కంపెనీ డ్రైవరు. నిజామాబాదాయన," అంది అమ్మ. పర్సు తెరిచి ఒక కాగితం తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. డ్రైవింగు నేర్చుకోవడానికిచ్చే కాగితం. దాని మీద అమ్మ ఫోటో. "డ్యూటీ అయ్యాక అరగంట ఖాళీ మైదానంలో నేర్పిస్తున్నాడు. ఊరి బయట అల్ వుకైర్ వైపు కంపెనీ ఇళ్ళు కడుతోంది కదా, ఆ సైట్ ఆఫీసులో పోస్టుంది. పొద్దున్న ఆరింటికెళ్తే రెండింటికి వదిలేస్తారు. సాయంత్రం డ్యూటీ లేదు. కంపెనీ బస్సు అటు పోదు, లైసెన్సుంటే చిన్న కారిస్తామన్నారు. ఇది బడి నుంచి వచ్చిన కాసేపటికే నేనింట్లో ఉంటాను. ఇంక హాస్టలెందుకు?"

నాన్న ఆ కాగితం చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే నాకు పాపం.

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఒప్పుకునేవారా?"

"నాకు అర్థమైంది సువార్తా. కూటంలో వాళ్ళకెవరు చెప్తారు? ఇంటింటికీ తిరిగి ఈ కాగితం చూపించమంటావా?" అన్నాడు. కాగితం మడిచి వెనక్కిచ్చి, "వచ్చే నెల సెలవు పెడతాను. బేబీని హాస్టల్లో వేసొస్తాను," అన్నాడు. అరిచి ఉంటే అమ్మ ఎదురుచెప్పేది. ఆయన అరవలేదు.

అమ్మ నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. "నేను వెళ్ళిపోతాననుకున్నావా?" అని అడిగింది. తలూపాను. "ఎక్కడికే?" అంది. సినిమాల్లో ఎక్కడికో ఎప్పుడూ చెప్పరు.

ఆ నెలంతా అమ్మ సరిగ్గా ఏడింటికి వచ్చింది, షేరింగు టాక్సీలో. నన్ను ఒక్క మాట అనలేదు. నా గౌనులన్నిటికీ లోపలివైపు ఎర్ర దారంతో నా పేరు కుట్టింది, హాస్టల్లో పోకుండా. ఆ ఒక్క మాటా అనేసి ఉంటే బాగుండేది. తిట్టించుకున్న తప్పు మాసిపోతుంది, తిట్టించుకోనిది మనతోనే పెరుగుతుంది.

వెళ్ళేముందు ఒక గురువారం నన్ను ఆఫీసుకు తీసుకెళ్ళింది, అక్కడివాళ్ళకు చూపించడానికి. గేటు దగ్గర గంగారాం తెల్ల కారు కడుగుతున్నాడు. నా సినిమాల్లో టోపీవాడి కోసం చూస్తే, నెరిసిన మీసంతో, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకున్న ఒక పెద్దాయన. అమ్మ లోపలికెళ్ళింది. నేను అక్కడే నిలబడి, "సారీ అంకుల్" అన్నాను.

"నీదేం తప్పు లేదు బిడ్డా," అన్నాడు గుడ్డ పిండుతూ. "మీ అమ్మ మస్తు తోల్తది. రివర్సు ఒక్కటే జర భయపడుతది. ఇగ ఇటు దిక్కు రాకుండ నేనే మెసయీద్ ట్రిప్పులు అడిగి తీస్కున్న. మంది నోర్లు మంచియి గావు గద."

మీకు పిల్లలున్నారా అని అడిగాను.

"ఒక బిడ్డ ఉంది. నీ అంతనే ఉంటది. రెండేండ్లకోసారి పోత. పోయినప్పుడల్లా నన్ను జూసి వాళ్ళ నాయనమ్మ ఎనక దాక్కుంటది. దగ్గరికి వస్తుండంగనే నా సెలవైపోతది." నవ్వాడు. "ఊర్లందరు మీ నాయన దుబాయిల ఉన్నడు అని చెప్తరు దానికి. ఇది దుబాయి గాదని గూడ తెల్వదు దానికి పాపం."

గంగారాం రెండేళ్ళకోసారి వెళ్ళొస్తే దాన్ని కష్టమన్నారు. నాన్న వారానికోసారి వస్తే సంపాదన అన్నారు. అమ్మ అరగంట ఆలస్యమైతే కూటమంతా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన మొదలుపెట్టింది నేనే, అందుకే ఎవర్నీ అనలేను. ఇప్పుడు మా అమ్మాయి నేనెక్కడున్నానో ఫోనులో కదిలే చుక్కను చూసి చెప్పేస్తుంది. "మమ్మీ, ఇంకా ఆఫీసు సెంటర్లోనే ఉన్నావా, ఆకలేస్తోంది" అని కసురుతుంది. తల్లి ఉద్యోగం చేస్తే ఆ తల్లి ఏమైపోతుందోనన్న భయం దాని కళ్ళల్లో నాకెప్పుడూ కనిపించలేదు. అంతవరకు లోకం బాగుపడినట్టే. మేమిద్దరం ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఎవరి ఫోను వాళ్ళం చూసుకుంటాం, అది వేరే సంగతి.

హాస్టలు గురించి ఇక్కడ రాయను. ఆరు నెలలు దాటి బయట ఉంటే అక్కడి రెసిడెన్సీ, అంటే ఉండే అనుమతి, రద్దవుతుంది, నాదీ అయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సింది నాన్నే. దోహా బడిలో సీటు పోయిందని, మధ్యలో చదువు పాడవుతుందని ఆయన పెట్టలేదు. మరుసటి ఎండాకాలం విజిటు వీసా మీద, తెలిసినవాళ్ళ వెంట నన్ను దోహాకు పంపించారు. నాన్నకు ఆ వారం షిఫ్టు. విమానాశ్రయంలో బయటికొస్తే అమ్మ ఒక్కతే నిలబడి ఉంది. చిక్కిపోయింది. నన్ను పట్టుకుని ఊపిరాడనివ్వలేదు. చేతిలో తాళాలున్నాయి, నా వీపుకు గుచ్చుకున్నాయి.

కారు చిన్నది, తెల్లది కాదు, నీలం. అమ్మ నా పెట్టె డిక్కీలో పెట్టేలోపు నేను వెనక తలుపు తీసి కూర్చున్నాను. "ముందుకు రావే," అంది. "ఇక్కడే బాగుంది," అన్నాను. ఎందుకలా అన్నానో తెలుసు. పక్కన కూర్చుంటే నా ముఖం కనిపిస్తుంది. అమ్మ కాసేపు తాళం తిప్పకుండా ఆగింది, నేను మనసు మార్చుకుంటానేమోనని. తర్వాత రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, అద్దంలో ఒకసారి వెనక్కి చూసి, చక్కగా రివర్సు చేసింది.

"మూడుసార్లు ఫెయిలయ్యాను. నాలుగోసారికి ఇచ్చారు," అంది రోడ్డెక్కాక.

"వుకైర్ ఆఫీసుకేనా వెళ్తున్నావు?"

"ఊఁ. నాలుగు నెలలైంది."

"మరి సాయంత్రం డ్యూటీ?"

"లేదుగా. మూడింటికల్లా ఇంట్లో ఉంటాను."

సిగ్నలు పడింది. కారాగింది. అద్దంలో అమ్మ కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, అవి రోడ్డునే చూస్తున్నాయి.

"మూడింటికొచ్చి ఏం చేస్తావమ్మా?"

"ఏం చేస్తాను," అంది అమ్మ. "కూర్చుంటాను."